యాంటెనాకి కట్టిన ఎర్ర చీర

కూర్మన్నపాలెంలో మా అద్దింటికి డిష్షు కంపెనీ మనిషి ఒకాయన వచ్చాడు. గుమ్మం దగ్గరే కూలబడి, రంగుల కాగితం ఒకటి పరిచి, "అమ్మా, ఫ్రీ ఛానెళ్ళు వేరు, పే ఛానెళ్ళు వేరు. మీకే ప్యాకేజీ కావాలో వేలు పెట్టి చూపించండి" అన్నాడు. కాగితం నిండా గళ్ళు. తెలుగు సినిమాలదొక గడి, క్రికెట్టుదొక గడి, పిల్లల బొమ్మలదొక గడి. ఫ్రీవన్నీ అట్టడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్నాయి.

"ఇవి కూడా వస్తాయా?" అని అడిగాను.

"వస్తాయమ్మా. ఊరికే వచ్చేవి ఎవరు చూస్తారు?" అని నవ్వాడు.

నాకు చిర్రెత్తుకొచ్చింది. ఊరికే వచ్చేదంటే అంత లోకువా? "మా అమ్మ చూస్తుంది బాబూ. రోజూ పొద్దున్నే మేడెక్కి మరీ చూస్తుంది" అన్నాను. ఆయన నన్ను ఒకసారి, లోపల కూర్చున్న మా ఆయన్ని ఒకసారి చూసి, కాగితం మడతపెట్టుకుని పక్కింటికి వెళ్ళిపోయాడు. పాపం, ఆయన తప్పేముంది. నేను చెప్పింది ఆయనకి అర్థమయ్యే మాట కాదు.

సంగతేమిటంటే, మా అయ్య సముద్రం మీద వేటాడే మనిషి. ఆయన వేటకి మా ఇంటి టీవీ యాంటెనా కర్రే ఆధారం. నీళ్ళ మీద నుంచి చూస్తే ఆ కర్ర కనబడాలి. కనబడితే ఆయన జాగా ఆయనకి దొరుకుతుంది, మా పొయ్యి వెలుగుతుంది. కనబడకపోతే లేదు. ఇంత ముఖ్యమైన సంగతి ఇంట్లో ఉన్న నాకూ మా అమ్మకీ చాలా కాలం తెలీదు. ఎందుకు తెలీదో చెప్తాను.

మా పుట్టిల్లు జాలర్ల పేటలో వెనక వరసలో, ఇసక దిబ్బ మీద ఉండేది. ముందు పెంకులు, వెనకాల ఒక చిన్న డాబా గది. ఆ డాబా ఎక్కితే సముద్రం మొత్తం మన ఒళ్ళో కూర్చున్నట్టుండేది. కుడిచేతి వైపు యారాడ కొండ, దాని మీద దీపస్తంభం. పోర్టులోకి పిలుపు రాక బయటే లంగరేసుకుని నిలబడ్డ ఓడలు. పొద్దుటి మంచులో ఆ ఓడలకి అడుగు భాగం కనిపించేది కాదు, గాల్లో ఆగిపోయినట్టు ఉండేవి. చిన్నప్పుడు నేను అవి నిజంగా గాల్లోనే ఉంటాయనుకునేదాన్ని. ఎండెక్కితే బరువెక్కి నీళ్ళలోకి దిగుతాయనుకునేదాన్ని. ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే అలాగే కనిపిస్తాయి, దిగమంటే దిగవు.

చేపలు బాగా పడ్డ ఒక ఏడాది మా అయ్య టీవీ తెచ్చాడు. చెక్క తలుపుల పెట్టె, నలుపూ తెలుపూ బొమ్మ. టీవీతోపాటు యాంటెనా కోసం ఎక్కడి నుంచో ఒక సరుగుడు కర్ర మోసుకొచ్చాడు. అబ్బో, అదేం కర్రండీ! అందరి ఇళ్ళ మీదా మనిషెత్తు కర్రలుంటే మాది తాటిచెట్టుతో పోటీ పడేది. డాబా మూలకి దాన్ని నిలబెట్టి తాళ్ళతో బిగిస్తుంటే వీధి వీధంతా నిలబడి చూసింది.

"ఏటి బావా, హైదరాబాదు బొమ్మ సాలదా? లండను బొమ్మ కూడా పట్టేత్తావేటి?" అని ఎదురింటాయన ఆటపట్టించాడు.

మా అయ్య తాడు ముడి బిగించాడు. మా అమ్మ పాత ఎర్ర చీర ఒకటి తీసి, సగానికి చింపి, కర్ర కొసకి కట్టాడు. అది గాలికి జెండాలాగ ఎగరడం మొదలుపెట్టింది.

"నా సీర సింపేసినావేటయ్యా!" అని మా అమ్మ కింద నుంచి గయ్యిమంది.

"కాకులు వాలతాయే. కాకి వాలితే బొమ్మ పోద్ది" అన్నాడు.

మేం నమ్మేశాం. వీధిలో వాళ్ళు మాత్రం నమ్మలేదు. దిష్టి కోసం కట్టాడనుకున్నారు. వారం తిరక్కుండా మా వీధిలో మరో రెండు యాంటెనాలకి నిమ్మకాయా, మిరపకాయలూ వేలాడాయి. తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది.

ఆ రోజుల్లో టీవీ అంటే సర్కారు ఛానెలు ఒక్కటే. డబ్బులు కట్టక్కర్లేదు, మనం ఎంచుకోవడమూ లేదు. అది పెట్టిందే మనం తినాలి. శుక్రవారం పాటలు, ఆదివారం సినిమా. మధ్యలో వరికి పట్టే తెగుళ్ళ గురించి ఎవరో ఒకాయన చాలా దిగులుగా చెప్పేవాడు. మా పేటలో వరి అంటే కంచంలో అన్నమే తప్ప చేను చూసినవాళ్ళు లేరు. అయినా మా అమ్మ ఆ కార్యక్రమం ఒక్కటీ వదిలేది కాదు. "పాపం ఆ బాబు అంత బాధపడతంటే లేసెల్లిపోతే ఏటి బాగుంటాది" అనేది.

బొమ్మ సరిగా వచ్చేది కాదు. ప్రతి మనిషి పక్కనా ఆ మనిషి నీడ ఒకటి. ముగ్గుపిండి జల్లినట్టు తెర నిండా తెల్లటి చుక్కలు. మా అయ్య డాబా ఎక్కి కర్ర తిప్పేవాడు, నేను గుమ్మంలో నిలబడేదాన్ని, మా అమ్మ టీవీ ముందు కూర్చునేది.

"వచ్చిందా?" అని పై నుంచి అయ్య.

"వచ్చిందా?" అని లోపలికి నేను.

"రాలేదు... ఆఁ, వచ్చింది వచ్చింది... పోయింది. ఏటయ్యా, సెయ్యి తీసేసినావా?" అని అమ్మ.

మా ముగ్గురి మధ్యా ఎక్కువ మాటలుండేవి కావు. ఉన్నవాటిలో సగం ఇవే.

ఉక్కపోసే వేసవి సాయంత్రాల్లో ఒక్కోసారి విచిత్రం జరిగేది. గాలి పూర్తిగా ఆగిపోయి సముద్రం నూనెలాగ నిలిచిపోయినప్పుడు, మన ఛానెలు వెనక్కి పోయి, దాని మీదకి ఎక్కడిదో తెలియని బొమ్మ తేలుకుంటూ వచ్చేది. తలలో పెద్ద పువ్వు పెట్టుకున్న ఆడమనిషి ఒకావిడ మాకు రాని భాషలో ఏదో చదివేది. మధ్యలో నవ్వేది. కాసేపటికి చుక్కల్లో కరిగిపోయేది. "ఎవరయ్యా ఈవిడ?" అంటే, "సముద్రం అవతలోళ్ళే. మనల్ని పలకరించడానికొచ్చింది" అనేవాడు మా అయ్య. మా అమ్మ కొంగు సర్దుకుని కూర్చునేది, ఇంటికి చుట్టాలొచ్చినట్టు. ఆవిడ ఏ దేశమో, ఏం చెప్పిందో నాకు ఈ రోజుకీ తెలీదు. ఆ మనిషిని ఏ ప్యాకేజీలో పెట్టి అమ్ముతారో చెప్పమనండి, ఆ రంగుల కాగితం ఆయన్ని.

నేను హైస్కూల్లో ఉండగా కేబుల్ వచ్చింది. స్తంభం నుంచి స్తంభానికి నల్ల వైరు లాగుతూ కేబులాయన వీధి వీధీ తిరిగాడు. వైరు తగిలించిన ఇంటి మీద యాంటెనా దిగిపోయేది. అల్యూమినియం ముక్కలు పాత సామాన్లవాడి బండెక్కేవి. చూస్తూ చూస్తుండగానే మా పేట ఆకాశం బోసిపోయింది. చివరికి మా కర్ర ఒక్కటే మిగిలింది, కొసన ఎర్ర గుడ్డతో.

మా అమ్మకి కేబుల్ మీద ప్రాణం లాగేసింది. ఎందుకు లాగదు? పొద్దున్నే గంపెత్తుకుని కాలనీలన్నీ తిరిగి చేపలమ్మి, కాళ్ళు పడిపోయి ఇంటికొచ్చే మనిషి. పక్కింట్లో సీరియల్ చూడ్డానికి వెళ్ళి గుమ్మంలో నిలబడేది. ఒకరోజు కథ మంచి పట్టులో ఉండగా పక్కింటావిడ టీవీ కట్టేసి, "మిగతాది మీ ఇంట్లో సూసుకోయే" అందట. మా అమ్మ ఇంటికొచ్చి ఏడవలేదు. గిన్నెలన్నీ మళ్ళీ ఒకసారి తోమింది. తోమినవే తోముతుంటే నాకు ఏడుపొచ్చింది.

మా అయ్యని అడిగింది. ఆయన "వద్దు" అన్నాడు. ఎందుకొద్దంటే చెప్పడు. "ఉన్న బొమ్మ సాలదా?" అంటాడు, లేచి వల దగ్గరికి పోతాడు. పిసినారి అనుకున్నాం, మొండి అనుకున్నాం. మా అమ్మ అయితే ఇంకా చాలా అంది, అవి ఇక్కడ రాయలేను.

ఇక్కడ మా పేట పద్ధతి ఒకటి చెప్పాలి. వేటకి బయలుదేరే మనిషిని ఎక్కడికని అడక్కూడదు. అడిగితే ఆ రోజు వేట పాడైపోతుందని మావాళ్ళ నమ్మకం. ఏ చోట చేపలు దొరుకుతున్నాయో వేటగాడు తనంతట తాను కూడా చెప్పడు, తోడబుట్టినవాడికైనా చెప్పడు. సముద్రంలో దారీ, రాయీ ఉండవు కదా. ఒడ్డు మీద ఉన్నవాటినే గుర్తులు పెట్టుకుంటారు. ఫలానా కొండ వెనకాల ఫలానా గోపురం వస్తే ఇక్కడున్నాం అని. ఎవరి గుర్తులు వాళ్ళవి, గుండెల్లోనే ఉంటాయి. అందుకని మా అమ్మ ఇన్నేళ్ళ కాపురంలో ఒక్కనాడూ అయ్యని ఎక్కడికని అడగలేదు. ఆయన చెప్పలేదు. ఇద్దరూ పద్ధతి తప్పలేదు, కొంప మాత్రం అక్కడే మునిగింది.

ఒకరోజు పొద్దున్న అయ్య సముద్రం మీద ఉండగా మా అమ్మ తన చేపల డబ్బుతో కేబులాయన్ని పిలిచింది. ఆయన వైరు లాగి, టీవీకి గుచ్చి, "ఇంక ఈ కర్రేల అమ్మా, గాలికి ఎవరి నెత్తి మీదన్నా పడతాది" అన్నాడు. "తీసేయ్ బాబూ, పీడా పోద్ది" అంది అమ్మ. తాళ్ళు కోశాడు. అంత పొడుగు కర్ర మెట్లు దిగదని మధ్యకి రంపం పెట్టాడు. ఎర్ర గుడ్డ నేల మీద పడితే మా అమ్మ దాన్ని తీసి మసిగుడ్డల్లో వేసింది.

లోపల టీవీ పెడితే, ఓలమ్మో, ఎన్ని ఊళ్ళు, ఎన్ని పాటలు! బొమ్మ కడిగిన అద్దంలాగుంది. ఒక్క చుక్క లేదు. మా అమ్మ మీట నొక్కుతుంది, బొమ్మ మారుతుంది, మళ్ళీ నొక్కుతుంది. "ఇన్నాళ్ళూ ఇయ్యన్నీ ఎక్కడ దాక్కున్నాయే గుంటా!" అని చిన్నపిల్లలాగ నవ్వింది. మా అమ్మ అలా నవ్వడం నేను అంతకుముందు చూడలేదు.

అప్పుడు మా అయ్య వచ్చాడు. రావాల్సిన వేళ కాదు. చేతిలో చేపల్లేవు, వల లేదు, ఒళ్ళంతా నీళ్ళు కారుతున్నాయి. దిబ్బ ఎక్కి పరిగెత్తుకుంటూ వచ్చి, గుమ్మం పట్టుకుని నిలబడి, "ఒలే!" అని ఒక్క కేక పెట్టాడు. మా అమ్మ ఉలిక్కిపడి లేచింది. ఆయన లోపలికొచ్చి అమ్మ తల మీద చెయ్యి వేశాడు. నా తల మీద వేశాడు. ఇంటి గోడలు చూశాడు, కప్పు చూశాడు. ఆ తర్వాత తడి బట్టలతోనే నేల మీద కూలబడ్డాడు.

"ఏటయ్యింది? ఏటయ్యిందయ్యా?" అని అమ్మ.

"ఎర్రగా కనిపిస్తానే ఉంది" అన్నాడు, గస పోసుకుంటూ. "నాను సూత్తండగానే పక్కకి ఒరిగిపోనాది. కర్ర కాదు, ఇల్లే ఒరిగిపోనాదనుకున్నాను. మీరిద్దరూ లోపలున్నారనుకున్నాను."

అప్పుడు చెప్పాడు. నీళ్ళడుగున రాళ్ళున్న చోటు ఒకటుందట, వాళ్ళ తాత కనిపెట్టినది. అక్కడ వంజరం చేపలు తిరుగుతాయట. పూర్వం ఒడ్డున ఉన్న ఒక తాటిచెట్టు దానికి గుర్తు. ఆ చెట్టు గాలివానకి పడిపోయాక, ఆ వరసలోనే ఉన్న మా డాబా మీద ఈ కర్ర పాతాడు. వెనక కొండల నడుమ ఒక పల్లం ఉంది, ఆ పల్లంలోకి ఎర్ర గుడ్డ వచ్చి నిలబడితే ఒక గుర్తు కుదిరినట్టు. ఇంకో గుర్తు ఇంకో పక్క ఉంది. అది ఆయన చెప్పలేదు, మేం అడగలేదు. ఇప్పటికీ నాకు తెలీదు.

మా అమ్మ విన్నంతసేపు విని ఒక్కసారి లేచింది. "ముందే సెప్తే నోట్లోంచి ముత్యాలు రాలిపోతాయా? కాకులన్నావు! ఇన్నేళ్ళు కాకుల్ని నమ్మించినావు!"

"నువ్వడగలేదు కదే."

"అడక్కూడదు కదయ్యా!"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అప్పుడు మా అమ్మకి ఏడుపొచ్చింది. వెనకాల టీవీలో ఎవరో పరాయి భాషలో పెద్దగా నవ్వుతున్నారు. నేను వెళ్ళి కట్టేశాను.

మర్నాటికి మా అమ్మ ఎక్కడి నుంచో పెద్ద వెదురు బొంగు మోయించుకొచ్చింది. ఈసారి పాత చీర కట్టలేదు. పెట్టెలో దాచుకున్న కొత్త ఎర్ర చీర, ఒక్క పండక్కి మాత్రమే కట్టినది, తీసి కొసకి చుట్టింది. బొంగు సన్నగా ఉంది, నీళ్ళ మీద నుంచి ఆనుతుందో లేదో తెలియదు. ఎలా తెలుసుకోవడం? అయ్య అక్కడుంటాడు, మేం ఇక్కడుంటాం, మధ్యన అంత సముద్రం. కేకేస్తే వినబడదు.

"కనబడితే తెరసాప ఎత్తుతాను, దించుతాను, మళ్ళీ ఎత్తుతాను. అదే నా జవాబు" అన్నాడు.

ఆ పొద్దున్న నేనూ అమ్మా డాబా మీద బొంగు పట్టుకుని నిలబడ్డాం. నీళ్ళ మీద ఇంకా మంచు ఉంది. ఓడలు గాల్లో ఉన్నాయి. తెప్పలు మిరియపు గింజల్లాగ అక్కడొకటి ఇక్కడొకటి. అందులో మాదేదో మాకు తెలీదు. చేతులు పీకుతున్నాయి. బొంగు కాస్త కుడికి వంచాం, కాస్త పైకెత్తాం. ఎప్పుడూ అయ్య పైన, మేం కింద. ఈసారి మేం పైన. మా అమ్మ సముద్రం వైపు చూస్తూ, పెద్దగా కూడా కాదు, పక్కనున్న మనిషిని అడిగినట్టు, "వచ్చిందా?" అంది.

దూరంగా ఒక తెప్ప మీద తెరచాప లేచింది. మూలన దుప్పటంత పసుపు మాసిక ఉంది, మా అమ్మ కుట్టినదే. దిగింది. మళ్ళీ లేచింది.

"వచ్చిందే! వచ్చిందే!" అని మా అమ్మ పెట్టిన కేకకి వీధిలో వాళ్ళంతా బయటికొచ్చారు. కేబుల్ బొమ్మ వచ్చినందుకు ఇంత సంబరమేటని వాళ్ళు మాట్లాడుకున్నారట. మేం కాదనలేదు.

ఆ రోజు నుంచి అదొక అలవాటైపోయింది. జాగాకి చేరగానే మా అయ్య తెరచాప ఎత్తి దించి ఎత్తేవాడు. మా అమ్మ గంప ఎత్తుకునే ముందే డాబా ఎక్కి చూసేది. ఎవరైనా అడిగితే ఎండుచేపలు తిరగేస్తున్నానని చెప్పేది. చూసి దిగొచ్చాకే కింద టీవీ పెట్టేది. కేబుల్ మాననూ లేదు, మానాలని అయ్య అననూ లేదు. కింద డబ్బులు కట్టే బొమ్మ, పైన ఊరికే వచ్చే బొమ్మ.

"రెంట్లో ఏది బాగుంటాదే అమ్మా?" అని ఒకసారి అడిగాను.

"కిందదే" అంది టక్కున. "అది రాకపోతే కేబులోడిని తిట్టొచ్చు. పైనది రాకపోతే ఎవర్ని తిడతాం? సూత్తా కూకోడమే." ఫ్రీకీ పేకీ తేడా ఇంతకంటే బాగా చెప్పినవాళ్ళు నాకు తగల్లేదు.

నాకు పెళ్ళైంది. మా ఆయనకి స్టీల్ ప్లాంటులో కాంట్రాక్టు పని, అందుకని కూర్మన్నపాలెం వచ్చేశాం. చుట్టుపక్కల గోదావరి వాళ్ళు, కృష్ణా వాళ్ళు. ఆడవాళ్ళం సాయంత్రం గుమ్మాల్లో కూర్చుంటే ప్యాకేజీల గురించే మాటలు. మీకు ఏ ఛానెళ్ళొస్తున్నాయి, మాకు ఏ ఛానెళ్ళు పోయాయి. పిల్లలకి బొమ్మల ఛానెలు కావాలి, మామగారికి భక్తి ఛానెలు కావాలి, ఆయనగారికి క్రికెట్టు కావాలి. అన్నీ పెట్టించుకున్న ఇంట్లోనే ఏం చూడాలో తోచక రిమోటు నొక్కుతూ కూర్చునేవారు. నేనూ అంతే, నన్ను నేను వేరుగా చెప్పుకోను. నొక్కుతూ నొక్కుతూ ఎక్కడైనా తలలో పెద్ద పువ్వు పెట్టుకున్న ఆవిడ కనిపిస్తుందేమోనని చూసేదాన్ని. ఎక్కడా లేదు.

మా అయ్య పేటలోనే ఉన్నాడు, వేటకి వెళ్తూనే ఉన్నాడు. ఆయనకి తెప్ప మీద తోడొచ్చే మా చిన్నాన్న హార్బరులో మరబోటు మీద పనికి వెళ్ళిపోయాడు. అందరూ ఇంజను పడవలు కొన్నారు. మా అయ్య మాత్రం చిన్న తెప్ప మీద ఒంటరిగా, దగ్గర దగ్గరకే వెళ్ళొచ్చేవాడు. వెదురు పోయి ఇనప గొట్టం వచ్చింది డాబా మీదకి. చీర ఏడాదికొకటి మారేది, ఎరుపు మారేది కాదు.

అప్పుడే మా అమ్మ చూసే సీరియల్ ఛానెల్ని కేబులాయన పెద్ద ప్యాకేజీలోకి మార్చేశాడు. ఇంకొంచెం కడితేనే వస్తుందన్నాడు. మా అమ్మ వీధి మధ్యలో నిలబెట్టి ఆయన్ని దులిపేసింది. "నా ఇంట్లోకి తెచ్చి సూపించి, అలవాటు సేసి, ఇప్పుడు లాక్కుంటావా?" అని. కనెక్షన్ పీకించేసింది. నాకు ఫోన్ చేసి, "ఊరికే వచ్చేదే నయమే, అది ఎవుడూ లాక్కోడు" అంది. ఒక్కసారి డిష్షు కొనుక్కుంటే నెలనెలా ఏమీ కట్టక్కర్లేని సర్కారు ఛానెళ్ళు కొత్తగా వచ్చాయని విన్నాం. మొదట్లో చెప్పిన రంగుల కాగితం మనిషి వచ్చి వెళ్ళింది ఆ వారమే. ఆయన వెళ్ళిపోయాక, ఆ ఫ్రీ డిష్షు కొని, పట్టుకుని పేటకి వెళ్ళాను.

బిగించడానికి సబ్బవరం నుంచి మా ఆయనకి తెలిసిన మేస్త్రీ ఒకాయన వచ్చాడు. డాబా మూలనే డిష్షుకి సరైన చోటని, ఇనప గొట్టం ఊడదీసి పిట్టగోడ పక్కన పడుకోబెట్టాడు. దాన్ని మళ్ళీ నిలబెట్టే బిగింపు ముక్క తేలేదట. "రేపు పొద్దున్నే తెచ్చి పెట్టేస్తానమ్మా" అన్నాడు. అమ్మ ఒట్టు వేయించుకుని మరీ పంపింది.

సాయంత్రం అయ్య ఇంటికొచ్చాడు. కొత్త బొమ్మ పెట్టి చూపించాం. చినుకు పడి తడిసిన ఆకులాగ తళతళా ఉంది. ఆయన కాసేపు చూశాడు.

"ఇదేటే, పాత బొమ్మే కదా. ముగ్గు రాలతంది" అన్నాడు. "పైకెల్లి తిప్పమంటావా?"

నేను విరగబడి నవ్వాను. మా అయ్య అప్పుడప్పుడు అలా వేళాకోళమాడతాడు. మా అమ్మ నవ్వలేదు. ఆయన మొహంలోకి ఒకసారి చూసి కంచాలు పెట్టడానికి లేచింది. ఆ సందట్లో కర్ర దింపిన సంగతి చెప్పడం ఇద్దరం మర్చిపోయాం. తెల్లారకముందే ఆయన వేటకి వెళ్ళిపోయాడు.

పొద్దున్న అమ్మ కేకకి మెలకువ వచ్చింది. "ఓలమ్మో, కర్ర!" డాబా మీదికి పరిగెత్తాను. ఇద్దరం గొట్టాన్ని లేపబోయాం. మోకాలెత్తు లేచి మళ్ళీ పడిపోయింది. "బేగా పట్టవే! కనబడకపోతే మళ్ళీ పరిగెత్తుకొచ్చేత్తాడు. ఈ వయసులో గుండాగిపోద్ది" అంటోంది అమ్మ, మళ్ళీ గొట్టం కిందకి చేతులు పెడుతూ. చీర గొట్టంతోపాటే నేల మీద, దుమ్ములో పడుంది. మా డాబా మీద ఆకాశం తప్ప ఏమీ లేదు.

సముద్రం ఆ పొద్దున్న చాలా తెల్లగా ఉంది. ఓడలు అలాగే గాల్లో ఉన్నాయి, నా చిన్నప్పటిలాగే.

తెరచాప లేచింది. పసుపు మాసిక. దిగింది. మళ్ళీ లేచింది.

మా అమ్మ గొట్టం మీదే కూర్చుండిపోయింది. నేనే, "మరి ఎలా కనిపించిందే?" అన్నాను, తెలివితక్కువగా.

"కనబడలేదే గుంటా. మీ అయ్యకి కళ్ళు ఆనతం లేదు. ఎన్నాళ్ళ నుంచో ఆనతం లేదు" అంది. "రాయి కట్టి తాడొదిలి, అడుగు సూసుకుని ఆగతన్నాడేమో. సాప నా కోసమే ఎత్తుతన్నాడే. నాను మేడెక్కి సూత్తానని." కొంగుతో మొహం మొత్తం కప్పుకుంది. ఆ తెల్లటి నీళ్ళ మీద ఒక్కడూ కూర్చుని, ఏమీ కనిపించని ఒడ్డుకి జవాబు చెప్తున్న మనిషి మా అయ్య. ఆయన మీద అంత ప్రేమ నాకు ఎప్పుడూ రాలేదు, అంత కోపమూ రాలేదు.

మేస్త్రీ వచ్చి గొట్టం నిలబెట్టి వెళ్ళాడు. మధ్యాహ్నం అయ్య కాసిని చేపలతో వచ్చాడు. కాళ్ళు కడుక్కుని కూర్చున్నాడు. అమ్మ అన్నం పెట్టి, పులుసు పోసి, ఎదురుగా కూర్చుంది. పక్క గదిలో కొత్త డిష్షు బొమ్మ తనంతట తాను ఆడుతోంది, వరి తెగుళ్ళ గురించి ఎవరో చెప్తున్నారు.

"కర్ర కనిపించిందా?" అంది అమ్మ, రోజూ అడిగేదే.

"ఎందుకు కనపడదే? నిప్పు కణికలాగుంది."

అమ్మ ఇంకాస్త పులుసు పోసింది. "నువ్వు అదృష్టవంతుడివయ్యా. నాకే ఈ మజ్జిన నీ తెరసాప సరిగ్గా ఆనతం లేదు. అంతా ముగ్గులాగ రాలతంది. సెప్తే తిడతావని సెప్పలేదు. రేపు కళ్ళ డాక్టరు కాడికి ఎల్తాను, తోడు రా."

నోటి దాకా వెళ్ళిన ముద్ద ఆగిపోయింది. మా అయ్య తలెత్తి అమ్మ మాట వినబడిన వైపు చూశాడు.

"నీకు కూడానేటే?" అన్నాడు.